పసుపు, మానుపసుపు, మధుమేహం

(మహిళల కార్యక్రమంలో చదివిన ప్రసంగ పాఠం)



మాఘమాసం వచ్చిందంటే చాలు, మా ఆర్మూరు చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా గాలిలో ఒకటే వాసన. పసుపు తవ్వుతుంటారు, ఉడకబెడుతుంటారు, కళ్ళాల్లో ఎండబోస్తుంటారు. దుంప నుంచి కొమ్ములు విరిచే పని ఆడవాళ్ళది. ఆ రోజుల్లో మా ఊరి ఆడవాళ్ళ చేతులు చూస్తే పెళ్ళికూతురి చేతుల్లాగే ఉంటాయి. కాకపోతే పెళ్ళికూతురి చేతుల పసుపు నాలుగు రోజుల్లో పోతుంది, వీళ్ళది ఉగాది దాకా పోదు. జూన్‌లో పెట్టిన పంట ఇంటికి రావడానికి తొమ్మిది నెలలు పడుతుంది. "కడుపుల బిడ్డను మోసినట్టే గదమ్మా" అంటారు మావాళ్ళు. ఆ మాటలో అబద్ధం లేదు.

అలాంటి ఒక సాయంత్రం మా పక్కింటామె ఒక సీసా పట్టుకొని మా ఇంటికి వచ్చింది. ఆమె కొడుకు గల్ఫ్‌లో పనిచేస్తాడు. సెలవుకు వస్తూ తల్లి కోసం తెచ్చాడట. మూత తీసి చూస్తే పచ్చని పొడి నింపిన గొట్టం బిళ్ళలు.

"అక్కా, నువ్వు సైన్సు టీచరువు గద, జర చూడు. ఇవి చైనా మూలికలంట. షుగర్‌కు మంచిదంట. చూస్తే మన పసుపు లెక్కనే ఉన్నది. మనింట్ల బస్తాలకొద్ది పసుపు పెట్టుకొని సీసాలు కొనుడేంది? ఇంగ్లీషు గోలీలు బంద్ జేసి, పొద్దున ఒక చెంచ పసుపు మింగితే సరిపోదా?"

ఆమె అడిగిన ప్రశ్న చిన్నదే. కాని జవాబు చెప్పబోయేసరికి నాకు గొంతు పట్టుకున్నట్టయింది. ఎందుకో చివర చెబుతాను. ముందు ఆ సీసా సంగతి, దాని వెనుక ఉన్న రెండువేల ఏళ్ళ సంగతి చెప్పుకుందాం.

సీసా మీద రాసి ఉన్న పేరు బెర్బెరిన్. అది పచ్చనిదే, చేదుదే. కాని మన పసుపులో అది ఉండదు. మన పసుపు పచ్చదనం కుర్కుమిన్ అనే పదార్థం వల్ల వచ్చింది. బెర్బెరిన్ ఉండేది మానుపసుపులో. పేరులో పసుపు ఉన్నంత మాత్రాన రెండూ ఒక తల్లి బిడ్డలు కావు. పసుపు అల్లం కుటుంబానికి చెందిన దుంప. మానుపసుపు అడవిలో పెరిగే కట్టె. సంస్కృతంలో పసుపును హరిద్ర అన్నారు, మానుపసుపును దారుహరిద్ర అన్నారు. దారువంటే కట్టె. హిమాలయాల్లో పెరిగే ముళ్ళపొద ఒకటి, పడమటి కనుమల్లోను సింహళంలోను చెట్లకు అల్లుకొనే పెద్ద తీగ ఒకటి, ఈ రెండింటినీ మనవాళ్ళు మానుపసుపు అనే పిలిచారు. కోసి చూస్తే లోపల పచ్చగా ఉండటమే ఆ పేరుకు కారణం. రెంటిలోనూ ఉన్నది బెర్బెరినే.

పూర్వులు ఈ రెంటినీ జంటగానే తలచుకొనేవారు. మధుమేహం మనకు కొత్త జబ్బు కాదు. చరకుడు, సుశ్రుతుడు ప్రమేహాలను వివరంగా వర్ణించారు. మూత్రం తేనెలాగా తియ్యగా ఉంటుందనీ, దానికి చీమలు పడతాయనీ మన ప్రాచీన వైద్యులు గమనించారు. సన్నగా ఉన్నవారికి వచ్చే జబ్బు వేరు, స్థూలకాయులకు వచ్చే జబ్బు వేరు అని కూడా విడదీశారు. ఈనాటి డాక్టర్లు టైప్ ఒకటి, టైప్ రెండు అని విభజించడానికి ఎన్నో శతాబ్దాల ముందటి మాట ఇది. వాగ్భటుడు ప్రమేహానికి పసుపును, ఉసిరికను కలిపి చెప్పాడు. ఇప్పటికీ ఆయుర్వేద వైద్యులు ఆ జోడీని వాడుతూనే ఉన్నారు.

హిమాలయాలకు అవతల చైనా వైద్యులు ఇదే జబ్బును మరో పేరుతో పిలిచారు. వారు దీనిని షియావ్‌కె అన్నారు. దాహం వేసి మనిషి కరిగిపోయే జబ్బని అర్థం. మనవాళ్ళు రుచిని పట్టుకున్నారు, వాళ్ళు దాహాన్ని పట్టుకున్నారు. ఏడవ శతాబ్దం నాటికి మూత్రం తియ్యగా ఉంటుందన్న విషయాన్ని చైనా వైద్యులు కూడా రాసిపెట్టారు. మన పసుపు వారికి తెలియనిది కాదు. క్రీ.శ. 659లో టాంగ్ చక్రవర్తి ఆజ్ఞతో తయారైన ఔషధ గ్రంథంలో దాని పేరు ఉంది. మన మెంతులు కూడా పదకొండవ శతాబ్దం నాటికి వారి ఔషధ గ్రంథాల్లో చేరాయి. అంటే మన పోపుల డబ్బా, వాళ్ళ మందుల పెట్టె ఎప్పటి నుంచో ఇరుగుపొరుగులే.

బెర్బెరిన్ కోసం చైనావాళ్ళు వాడింది మానుపసుపు కాదు. హువాంగ్‌లియన్ అనే మొక్క వేరు. హువాంగ్ అంటే పచ్చనిది. అది ఎంత చేదంటే, మూగవాడు దాన్ని తిన్నట్టు అనే సామెత వారి భాషలో ఉంది. ఎంత బాధ అయినా నోరు తెరిచి చెప్పుకోలేడని దాని భావం. మన ఇళ్ళల్లో ఎందరు ఆడవాళ్ళకు ఆ సామెత వర్తిస్తుందో వేరే చెప్పనక్కరలేదు గదా!

ఆ వేరును చైనావాళ్ళు తరతరాలుగా విరేచనాలకు వాడారు. మన దేశంలోనూ బెర్బెరిన్ ఆ పనికి పరీక్షకు వచ్చింది. 1967లో కలకత్తా డాక్టర్లు లాహిరి, దత్తా అనేవారు కలరా రోగులకు, తీవ్రమైన విరేచనాల రోగులకు బెర్బెరిన్ ఇచ్చి చూసి ఫలితాలు ప్రకటించారు. దాన్ని చక్కెర జబ్బుకు ముడిపెట్టాలని అప్పటికి ఎవరికీ పెద్దగా తోచలేదు.

ఆ ముడి పడింది చైనాలో. అక్కడ విరేచనాలకు బెర్బెరిన్ బిళ్ళలు మామూలుగా ఇచ్చేవారు. మధుమేహం ఉన్నవారికి విరేచనాలు పట్టుకుంటే వారికీ ఇచ్చారు. విరేచనాలు కట్టాయి సరే, రక్తంలో చక్కెర కూడా దిగినట్టు కనిపించింది. ఒక పనికి వాడిన మందు మరో పని చేసింది. 1988లో అక్కడి వైద్యులు 60 మంది మధుమేహ రోగులకు ఇచ్చి చూసిన సంగతి ఒక పత్రికలో రాశారు. అది చైనా భాషలో ఉండటం వల్ల బయటి ప్రపంచం ఇరవై ఏళ్ళ దాకా పెద్దగా పట్టించుకోలేదు.

2008లో షాంఘై నుంచి రెండు పరిశోధనలు వచ్చాయి. ఒకదానిలో కొత్తగా జబ్బు బయటపడ్డ 36 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు బెర్బెరిన్, రెండో జట్టుకు మెట్‌ఫార్మిన్, రోజుకు మూడుసార్లు అర గ్రాము చొప్పున మూడు నెలలు ఇచ్చారు. చక్కెర విషయంలో రెండు జట్లూ దాదాపు సమానంగా నిలిచాయి. రెండో పరిశోధనలో 116 మంది ఉన్నారు. సగం మందికి బెర్బెరిన్, సగం మందికి మందు లేని ఉత్త బిళ్ళ. మూడు నెలల చక్కెర సగటును చూపే రక్తపరీక్ష ఉంటుంది, మీలో చాలామంది చేయించుకొనే ఉంటారు. బెర్బెరిన్ జట్టులో ఆ అంకె 7.5 నుంచి 6.6కు దిగింది. ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినండి. ఉత్త బిళ్ళ మింగినవారిలో కూడా అది 7.6 నుంచి 7.3కు దిగింది!

ఏ మందూ లేకుండా ఎలా దిగింది? పరీక్షలో ఉన్నామన్న ధ్యాసతో తిండి తగ్గిస్తారు, నడుస్తారు, డాక్టరు చెప్పినట్టు వింటారు. అందుకే "మా మేనమామ ఫలానా ఆకు తిన్నాడు, షుగర్ తగ్గింది" అన్న మాట నిజమే కావచ్చును గాని, తగ్గించింది ఆకేనని రుజువు కాదు. ఆకు తిన్నన్నాళ్ళు ఆయన లడ్డు మానేశాడేమో! ఉత్త బిళ్ళను పక్కన పెట్టి తూచేది ఇందుకే. మనం పసుపు తూకం వేసేటప్పుడు సంచి బరువు తీసివేయమూ? ఇదీ అంతే.

ఇకపోతే, బెర్బెరిన్‌తో సమానంగా నిలిచిన ఆ మెట్‌ఫార్మిన్ కథ కూడా వినదగ్గది. మనలో చాలామంది దానిని "ఇంగ్లీషు గోలీ" అంటాం. నిజానికి దాని పుట్టుక కూడా ఒక మొక్కలోనే. యూరపులో గలీగా అనే మొక్క ఒకటి ఉంది. పల్లెటూళ్ళలో దాన్ని మూలికగా వాడేవారు. పశువులు మేస్తే మాత్రం వాటికి విషం. ఆ మొక్కలో ఉన్న పదార్థం గ్వానిడిన్ జాతిది. గ్వానిడిన్ రక్తంలో చక్కెరను దించుతుందని 1918లో కనిపెట్టారు. మొక్కలోని పదార్థాన్ని నేరుగా రోగులకు ఇచ్చి చూస్తే అది శరీరానికి హాని చేసింది. డబ్లిన్‌లో 1922లో వెర్నర్, బెల్ అనే ఇద్దరు రసాయనశాస్త్రజ్ఞులు దాని బంధువైన మెట్‌ఫార్మిన్‌ను తయారుచేశారు. కాని సరిగ్గా ఆ ఏడాదే ఇన్సులిన్ మనుషుల ప్రాణాలు నిలబెట్టడం మొదలుపెట్టింది. అందరి దృష్టీ దానిమీదికే పోయింది. మెట్‌ఫార్మిన్ మూలన పడింది. 1957లో పారిస్‌లో జాన్ స్టెర్న్ అనే వైద్యుడు దాన్ని మళ్ళీ బయటికి తీసి రోగులకిచ్చి చూశాడు. అమెరికా ప్రభుత్వం దానికి అనుమతి ఇచ్చింది 1994లో. అంటే తయారైన డెబ్బై రెండేళ్ళకు!

ఈలోగా దాని చెల్లెలు వంటి ఫెన్‌ఫార్మిన్ అనే మందు బజారులోకి వచ్చి, రక్తంలో ఆమ్లం పెంచి ప్రాణాలు తీయడంతో 1970లలో చాలా దేశాల్లో దాన్ని ఆపివేయవలసి వచ్చింది. ఒకే కొమ్మన కాసిన రెండు కాయల్లో ఒకటి మందయింది, ఒకటి విషమయింది. మొక్క నుంచి వచ్చింది గనుక మంచిదే అనడం ఎంత తొందరపాటో, ఫ్యాక్టరీ నుంచి వచ్చింది గనుక చెడ్డదే అనడం కూడా అంతే తొందరపాటు. గుప్పెడు ఆకుల నుంచి నమ్మదగిన ఒక బిళ్ళ రావడానికి ఒక మనిషి జీవితకాలం పట్టింది.

సరే, మన పసుపు మాటేమిటని మా ఆర్మూరు అక్కచెల్లెళ్ళు నన్ను నిలదీస్తారు. నిలదీయాలి కూడా. మా ఊరి గుట్ట మీద నవనాథ సిద్ధులు తపస్సు చేశారని, ఆరు, మూడు కలిపి తొమ్మిదిమంది సిద్ధుల పేరనే ఊరికి ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. సిద్ధులంటే మూలికల మర్మం తెలిసినవారు. అలాంటి గుట్ట కింద పండే పసుపు మందు కాకుండా ఎట్లా పోతుందని మావాళ్ళ నమ్మకం.

పసుపులోని పచ్చని పదార్థాన్ని యూరపు శాస్త్రజ్ఞులు 1815లోనే వేరుచేసి కుర్కుమిన్ అని పేరు పెట్టారు. దాని నిర్మాణం తెలిసింది 1910లో. చక్కెర జబ్బుకూ దానికీ ఉన్న సంబంధం గురించి 1972లో శ్రీనివాసన్ అనే వైద్యుడు ఒక భారతీయ పత్రికలో చిన్న వ్యాసం రాశారు. అందులో ఉన్నది ఒకే ఒక రోగి. అయినా దారి చూపిన వ్యాసం గనుక ఇప్పటికీ దాన్ని పేర్కొంటూనే ఉంటారు.

ఆ తరువాత ప్రయోగశాలల్లో, ఎలుకల్లో కుర్కుమిన్ మీద వేలకొద్ది పరిశోధనలు జరిగాయి. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, మనం మింగిన కుర్కుమిన్ రక్తంలోకి ఎక్కేది బహు స్వల్పం. పేగుల్లోంచి చాలామటుకు వచ్చిన దారినే పోతుంది. 1998లో బెంగుళూరు పరిశోధకులు రెండు గ్రాముల కుర్కుమిన్‌తో పాటు మిరియాల్లోని పదార్థం 20 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే, రక్తంలోకి ఎక్కేది ఇరవై రెట్లు పెరిగింది. పసుపు, మిరియాలు వేసి పాలు కాచిన మన అమ్మమ్మలకు ఈ లెక్క తెలియదు గాని చెయ్యి మాత్రం తెలుసు. అయినా ఇరవై రెట్లు పెరిగింది గదా అని మురిసిపోవద్దు. సున్నాకు దగ్గరగా ఉన్నదాన్ని ఇరవైతో హెచ్చిస్తే వచ్చేది ఎంత? 2017లో అమెరికా రసాయనశాస్త్రజ్ఞులు కుర్కుమిన్ మీద అప్పటి దాకా జరిగిన పరిశోధనలను వడపోసి ఒక పెద్ద సమీక్ష రాశారు. అది ప్రయోగశాల పరీక్షలను తప్పుదారి పట్టించే గుణం కలదని, శరీరంలో నిలకడగా ఉండదని, ఇంత శ్రమపడ్డా మందుగా నిలబడలేదని నిష్కర్షగా చెప్పారు. వినడానికి మనకు కష్టంగానే ఉంటుంది. కాని మన పంట గదా అని సత్యాన్ని ఎట్లా దాచిపెడతాం?

పసుపు మీద మన హక్కు సంగతి మాత్రం వేరు. 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి, గాయాలకు పసుపు వాడే పద్ధతి మీద పేటెంటు ఇచ్చారు. దెబ్బ తగిలితే పసుపు అద్దడం కొత్తగా కనిపెట్టిన విద్య అయిపోయింది! మాషేల్కర్ గారి నాయకత్వంలో మన శాస్త్ర పరిశోధన మండలి దాన్ని ఎదిరించింది. ఇది మాకు తరతరాలుగా తెలుసునని పాత గ్రంథాలు, పాత పత్రికలు సాక్ష్యంగా పెట్టింది. 1997లో ఆ పేటెంటు రద్దయింది. మన సంప్రదాయ విజ్ఞానాన్నంతా ఒకచోట రాసిపెట్టే పని 2001లో మొదలవడానికి ఈ పోరాటమే ఒక కారణం. గమనించారా? అక్కడ గెలిపించింది ఆవేశం కాదు, రాసిపెట్టుకున్న కాగితం. అమ్మమ్మ చెప్పింది మనకు చాలు, కోర్టుకు చాలదు. మందుకు కూడా చాలదు.

పసుపు సంగతి ఇలా ఉంటే, చక్కెర జబ్బులో మనకు కాస్త ధైర్యమిచ్చిన దినుసు మన పోపుల డబ్బాలోనే ఇంకొకటి ఉంది. అవి మెంతులు. ఆ పరిశోధన జరిగింది ఎక్కడో కాదు, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో. 1990లో శర్మ, రఘురామ్, సుధాకరరావు గార్లు ఇన్సులిన్ తీసుకొనే రోగులకు పది రోజులపాటు రోజుకు వంద గ్రాముల నూనె తీసిన మెంతిపిండి రొట్టెల్లో కలిపి, సగం మధ్యాహ్నం సగం రాత్రి పెట్టి చూశారు. మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గింది. మెంతుల్లోని జిగురు తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలోకి ఎక్కే వేగాన్ని తగ్గిస్తుంది. కాని అక్కా, ఆ రోగులకు ఇన్సులిన్ మానిపించి మెంతులు పెట్టలేదు. మందుకు తోడుగా పెట్టారు. మెంతులను వంటలోనే నిలిపి, మందును మందుగా ఉంచారు.

పొడపత్రి ఆకు మీకు తెలిసే ఉంటుంది. నమిలి బెల్లం నోట్లో వేసుకుంటే ఇసుక తిన్నట్టుంటుంది. 1887లో ఊటీలో పనిచేసిన డేవిడ్ హూపర్ ఆ ఆకులోని పదార్థాన్ని వేరుచేశాడు. 1990లో మద్రాసు పరిశోధకులు దాని సారాన్ని 22 మంది రోగులకు బిళ్ళలతో పాటు ఏడాదిన్నరకు పైగా ఇచ్చారు. వారిలో అయిదుగురికి బిళ్ళల అవసరం తప్పిందని రాశారు. ఇరవై ఇద్దరితో లోకానికంతా చెప్పలేం గాని, అది కొట్టివేయదగ్గ మాట కూడా కాదు.

మరి చైనాలో? అక్కడ ఒక మెట్టు ముందుకు వేశారు. పట్టుపురుగులకు ఆకు వేసే మల్బరీని మనవాళ్ళు కంబళి చెట్టు అంటారు. దాని రెమ్మల్లోని పదార్థాలు, పిండిని చక్కెరగా విరిచే పేగుల రసాలకు అడ్డుపడతాయి. ఆ రెమ్మల సారంతో చేసిన బిళ్ళలకు, రోగుల మీద పరీక్షలు జరిపిన తరువాత, 2020లో చైనా ప్రభుత్వం టైప్ రెండు మధుమేహానికి మందుగా అనుమతి ఇచ్చింది. చెట్టు పాతదే, నమ్మకమూ పాతదే, కొత్తది తూకం. మలేరియా మందు విషయంలోనూ వాళ్ళు ఇదే పని చేశారు. పదహారు వందల ఏళ్ళ నాటి పుస్తకంలోని ఒక మాట పట్టుకొని తూ యూయూ అనే ఆవిడ 1972లో ఆర్టిమిసినిన్ తీసింది. 2015లో నోబెల్ బహుమతి అందుకుంది. పాత పుస్తకాన్ని ఆమె అగౌరవపరచలేదు, గుడ్డిగా నమ్మనూ లేదు. పరీక్షించింది.

అదే చైనాలో మరో ముఖం కూడా ఉంది. 2009 జనవరిలో షిన్‌జియాంగ్ ప్రాంతంలో మూలికల మందు పేరుతో అమ్మిన చక్కెర బిళ్ళలు మింగి ఇద్దరు చనిపోయారు. పరీక్షిస్తే అవి నకిలీవి. అందులో ఉన్నది మూలిక కాదు, గ్లిబెన్‌క్లమైడ్ అనే ఇంగ్లీషు మందు, అది కూడా మోతాదుకు మించి! "మూలికల పొడి వేసుకోగానే షుగర్ పడిపోయింది" అని ఎవరైనా అంటే నాకు ముందు కలిగేది సంతోషం కాదు, అనుమానం. పసుపు బిళ్ళల సంగతీ అంతే. 2019లో ఇటలీలో పసుపు సారం బిళ్ళలు మింగినవారిలో కొందరికి కాలేయం వాచి కామెర్లు వచ్చాయి. పప్పులో వేసే చిటికెడు పసుపు వేరు, పసుపులోంచి పిండి మిరియాల సారం కలిపి రోజూ మింగే బిళ్ళ వేరు. కూరకు రుచి, కాలేయానికి భారం.

బెర్బెరిన్ విషయంలో ఆడవాళ్ళు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసింది ఒకటుంది. కడుపుతో ఉన్నవాళ్ళు, బాలింతలు దాన్ని తాకరాదు. పుట్టిన బిడ్డకు కామెర్లు ముదిరి మెదడుకు దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. ఆ భయంతోనే సింగపూరు ప్రభుత్వం 1978లో హువాంగ్‌లియన్‌ను, బెర్బెరిన్‌ను నిషేధించి, చాలా ఏళ్ళ తరువాత జాగ్రత్తలు పెట్టి ఎత్తివేసింది. ఇంకా ఇతర మందులతో కలిస్తే వాటి బలాన్ని పెంచుతుంది, కడుపు పాడుచేస్తుంది. ఇంకొక బాధ కూడా ఉంది. మన కొండల్లోని మానుపసుపు తీగ కొట్టి కొట్టి అంతరించిపోయే దశకు వచ్చింది. మందు మీద మోజు పెరిగిన కొద్దీ ఆ తీగ తరుగుతోంది.

ఇక మొదట ఆపిన మాట చెబుతాను. మా అత్తమ్మకు చక్కెర జబ్బు ఉండేది. ఆవిడ పసుపు పండించిన ఇంటి కోడలు, పసుపు పండించిన ఇంటి బిడ్డ. ఒకసారి బస్టాండు దగ్గర పచ్చని పొడి అమ్మే మనిషి, దీన్ని మూడు నెలలు తింటే గోలీల అవసరం ఉండదని చెప్పాడు. పొడి పచ్చగా ఉంది, పసుపు వాసన వస్తోంది. పసుపును నమ్మక ఆవిడ ఇంక దేన్ని నమ్ముతుంది? గోలీలు బియ్యం డబ్బాలో దాచేసింది. మాకెవ్వరికీ చెప్పలేదు. నేను బడిలో పిల్లలకు జీవశాస్త్రం చెబుతున్నాను, ఇంట్లో అత్తగారి గోలీల లెక్క చూడలేదు. కాలి వేలికి చిన్న పుండు లేచింది. దాని మీద కూడా పసుపే అద్దుకుంది. పుండు నల్లబడ్డాక గాని కుంటుతున్న సంగతి మా కంటపడలేదు. ఆసుపత్రికి తీసుకుపోతే రెండు వేళ్ళు తీసివేయవలసి వచ్చింది. ఆపరేషన్ గదిలోకి పోతూ నా చెయ్యి పట్టుకొని ఆవిడ అన్న మాట ఇది: "పసుపు నన్ను మోసం జేసింది బిడ్డా."

పసుపు మోసం చేయలేదు. పసుపు ఎన్నడూ ఆ మాట ఇవ్వలేదు. దాని పేరుతో మరొకరు ఇచ్చారు. తరువాత ఇన్సులిన్‌తో ఆవిడ మరి ఎనిమిదేళ్ళు బతికింది. రోజూ పొద్దున్నే సూది నా చేతనే వేయించుకొనేది. గడపకు పసుపు కూడా తనే పూసేది. ఆ రెండింటికీ పేచీ లేదని ఆవిడ నాకన్న ముందే గ్రహించింది.

దేశంలో మధుమేహం ఉన్నవారు పది కోట్లకు పైగా ఉన్నారని 2023లో వచ్చిన అఖిల భారత పరిశోధన లెక్క చెప్పింది. ఇంతమంది బాధపడుతుంటే ఏ మొక్క దొరికినా పరీక్షించవలసిందే. నేను వద్దనను. మా జిల్లా రైతులు పసుపు బోర్డు కోసం ఏళ్ళ తరబడి కొట్లాడారు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాదు స్థానానికి 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేసి నిలబడి తమ గోడు దేశమంతా వినేట్టు చేశారు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రంగా మొదలయింది. కుర్కుమిన్ ఎక్కువ ఉంటే ధర ఎక్కువ పలుకుతుంది గనుక, పసుపు మందంటే మాకు లాభమే. అందుకనే మేము మరింత జాగ్రత్తగా మాట్లాడాలి. లేని గుణం చెప్పి అమ్మిన సరుకు ఒకసారి అమ్ముడుపోతుంది. మళ్ళీ మన మార్కెట్‌కు ఎవరొస్తారు? మన పసుపు మీద ప్రయోగశాలలో పరీక్షలు జరగాలని, రోగుల మీద నిజాయితీగా తూకం వేయాలని, దాని గుణమెంతో అంతే చెప్పాలని మనమే అడగాలి.

పక్కింటామెకు నేను చెప్పింది ఇంతే. "చెల్లే, ఈ సీసాల ఉన్నది పసుపు కాదు. మానుపసుపుల ఉండే చేదు. దీన్ల గుణమున్నట్టు కొన్ని పరీక్షలు చెప్తున్నయి, కాని నీ డాక్టరును అడగకుండ వేసుకోవద్దు. మన పసుపు పప్పుల వెయ్యి, మెంతులు చారుల వెయ్యి. నీ గోలీ మాత్రం వదలకు." ఆమె సీసా కొంగులో కట్టుకొని పోయింది. మరునాడు ఆ సీసాను, తన గోలీల చీటీని కలిపి డాక్టరు దగ్గరికి పట్టుకుపోయిందని విన్నాను.

మీ ఇళ్ళల్లోని పెద్దవాళ్ళ గోలీలు ఈ రాత్రికి ఒక్కసారి లెక్కపెట్టి చూడండి. అలాగే బియ్యం డబ్బాలో కూడా ఒకసారి చెయ్యి పెట్టి చూడండి.